ముందు తేమ, తర్వాతే చలి

బిడ్డా సరితా,

విత్తన బ్యాంకు ఉద్యోగంలో చేరిన వారానికే చపాట మిరప, పసుపు, మామిడి మూడూ నీ ముందు పెట్టి ఏళ్ల తరబడి ఉండేలా భద్రం చేయమన్నారని రాశావు. ఎంత చలిలో పెట్టాలని అడిగావు. దానికంటే ముందు తేమ సంగతి చూడు. పచ్చి విత్తనాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీళ్లు మంచుగా మారి కణాలను చీల్చేస్తాయి. పైకి గింజ నిగనిగలాడుతూనే ఉంటుంది, మొలక మాత్రం రాదు.

మిరప గింజను నీడలోనే ఆరబెట్టు. కల్లంలో ఎర్రటి ఎండకు ఆరబోసేది వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయే సరుకు, దాని లెక్క వేరు. నీడలో ఆరాక పలుచని గుడ్డ సంచిలో కట్టి, అంతే బరువు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) పోసిన గట్టి మూత డబ్బాలో వారం పైనే ఉంచు. ఒక గింజ తీసి వేళ్లతో వంచి చూడు. వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే, పటుక్కున విరగాలి. ఆ తర్వాత తేమ మీటరుతో చూసుకో, 3 నుంచి 7 శాతం మధ్య ఉంటే చాలు. తేమ ఒక్క శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపు, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అంతే అని మా కాలం నుంచీ ఉన్న లెక్క. కరెంటు బిల్లు కంటే సిలికా జెల్ చవక కదా!

ఆరిన గింజను అల్యూమినియం ఫాయిల్ కవర్లలో సీలు వేసి మైనస్ 20 దగ్గర పెట్టు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో విత్తనాన్ని దీర్ఘకాలం దాచేది ఆ చలిలోనే. నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన ఖజానాలో మైనస్ 18. ఒకే పెద్ద కవరు వద్దు, చిన్నవి ఎక్కువ చెయ్యి. బయటికి తీసిన కవరును వెంటనే చింపకు, గది వేడికి వచ్చేదాకా ఆగు. వానాకాలంలో అయితే చల్లటి గింజ మీద చెమ్మ క్షణాల్లో చేరి, నువ్వు పడ్డ కష్టమంతా పోతుంది.

మామిడి టెంక ఆరితే చస్తుంది, పనస గింజా అంతే. వాటిని తోటలో చెట్లుగానే కాపాడాలి. ఫ్రీజర్ జోలికి పోకు.

అసలు పని పసుపుది. కొమ్ము నిండా నీళ్లే, గడ్డకట్టించి తీస్తే మెత్తగా కుళ్లిపోతుంది. అందుకే టెస్ట్ ట్యూబులో పెంచిన మొక్క చిగురు కొనను సూక్ష్మదర్శిని కింద మిల్లీమీటరు మేర కోసి, ముందు పంచదార ద్రావణంలో ఉంచి, ఆ తర్వాత గ్లిజరాల్, ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్‌ఓ అనే రసాయనాలు కలిసిన మందులో వేస్తారు. ఆ మందు కణంలోని నీటిని మంచు కట్టనివ్వదు, గాజులా బిగుస్తుంది. కానీ సమయం మీరితే అదే విషం, కాబట్టి గడియారం పక్కనే పెట్టుకో. తర్వాత ద్రవ నత్రజనిలో ముంచు, మైనస్ 196 డిగ్రీలు. తీసేటప్పుడు నిదానం పనికిరాదు, 40 డిగ్రీల నీళ్లలో గబగబా కరిగించాలి. మెల్లగా వేడెక్కితే దారిలో మంచు కడుతుంది. తీసిన చిగురు పచ్చగా ఉందని సంబరపడకు, కొత్త ఆకు వేస్తేనే బతికినట్టు.

ఆ నత్రజని నీకు కొత్తేమీ కాదు. పశువులకు సూదితో చూలు కట్టించే గోపాలమిత్రలు ఊళ్లలోకి ఆంబోతు వీర్యం స్ట్రాలు తెచ్చే క్యాన్‌లో ఉండేదీ అదే. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. దానికి వాసన ఉండదు, గదిలో ఆక్సిజన్ తగ్గినా తెలియదు. కిటికీలు తెరిచి ఉంచు, మూత బిగించకు, క్యాన్‌తో పాటు లిఫ్ట్ ఎక్కకు. ఎంత ఉందో చూడడానికి చెక్క స్కేలు ముంచి తియ్యి, మంచు పట్టిన గీత దాకా ఉన్నట్టు. గొట్టం మాత్రం ముంచకు, ద్రవం పైకి ఎగజిమ్ముతుంది.

ఇంకో సంగతి, పుప్పొడిని కూడా ఆరబెట్టి ఇలాగే దాచొచ్చు. ఒక రకం వానాకాలంలో, ఇంకోటి యాసంగిలో పూస్తే వాటిని సంకరం చేయడానికి ఇదే దారి. కొత్త వంగడాలు చేసేవాళ్లు నిన్ను వెతుక్కుంటూ వచ్చేది దీనికే.

దాచింది రెండు చోట్ల ఉండాలి. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన బ్యాంకు చేజారితే, ఆ బ్యాంకు వాళ్లు 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తాము దాచిన విత్తనాన్నే వెనక్కి తెచ్చుకుని లెబనాన్, మొరాకోలలో మళ్లీ పండించుకున్నారు.

చపాట గింజ ఏ ఊరిదో చీటీ మీద లేదన్నావు. 2025లో జీఐ (ఫలానా ప్రాంతానిదే అనే భౌగోళిక) గుర్తింపు వచ్చిన రకం, ఇట్లా వదిలెయ్యకు. ఇచ్చిన రైతు దగ్గరికి వెళ్లి ఎన్ని మొక్కల నుంచి తీశారో అడుగు, పూత మీద దోమతెర కట్టారో లేదో కూడా అడుగు. తేనెటీగలు పక్క చేను పుప్పొడి తెచ్చేస్తాయి. ఆ వివరాలు పెన్సిల్‌తో రాసి ఒక చీటీ కవరు లోపల, ఒకటి బయట పెట్టు. పెన్ను రాత చెమ్మకు చెరిగిపోతుంది.

మీ మామ,
హనుమకొండ