అల్లుడికి, సెకండ్ సర్వ్ సంగతి

అల్లుడూ,

నువ్వు టెన్నిస్ ఆడతా పంపిన వీడియో చూశాలే. ఫస్ట్ సర్వ్ బో బాదతా ఉండావు, సగం నెట్‌కి సగం బయటికి, ఇంక అది పోతే మిగిలే రెండో ఛాన్సు, సెకండ్ సర్వ్‌కొచ్చేసరికి భయపడి బాల్ని మెల్లిగా నెట్టేస్తా ఉండావు. ఎదుటోడు ఊరుకుంటాడా? స్పీడు పిచ్చి కొన్నాళ్ళు పక్కన పెట్టి ముందు సెకండ్ సర్వ్ నేర్చుకోబ్బా.

లెక్క చూడు. నువ్వు సర్వ్ చేసే కోర్టు చివరి గీత, బేస్‌లైన్ నుంచి నెట్ 39 అడుగులు, ఆడ్నించి సర్వ్ పడాల్సిన బాక్సు చివరి గీత, సర్వీస్ లైన్ ఇంకో 21, నెట్ మధ్యలో ఎత్తు 3 అడుగులు. బాల్ వంపు లేకుండా తిన్నగా పోయి బాక్సులో పడాలంటే ఎనిమిదిన్నర అడుగులకి పైన తగలాలి. నీ అయిదున్నర అడుగుల ఎత్తుకి చెయ్యి, రాకెట్ పూర్తిగా చాపినా అంతంతమాత్రమే. 2016లో దేశాల మధ్య జరిగే డేవిస్ కప్‌లో అమెరికా ఆటగాడు ఇస్నర్ 253 కిలోమీటర్ల స్పీడుతో కొట్టాడంటే ఆయన 6 అడుగుల 10 అంగుళాలు, ఆయన లెక్క వేరు. మనకి బాల్ నెట్‌కి ఎత్తుగా పోయి కిందికి వంగాలి, అంటే స్పిన్ కావాల, బాల్ గిర్రున తిరగతా పోవాల.

స్పిన్ రావాలంటే గ్రిప్, అదే రాకెట్ పట్టుకునే తీరు మార్చాల. నువ్వు ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తోనే సర్వ్ చేస్తా ఉండావు, వీడియోలో తెలిసిపోతా ఉంది. దాని బదులు కాంటినెంటల్ గ్రిప్ పట్టు, సుత్తి పట్టుకున్నట్టు. మొదట్లో బాల్ ఎడమకే పోతా ఉంటది, విసుగొచ్చి మళ్ళీ పాత గ్రిప్‌కి పోతావు, అందరూ ఆడనే ఆగిపోతారు. రాకెట్ అంచు ముందు పెట్టి పైకి తీసుకుపో, తగిలే ముందు ముంజేయి బయటికి తిరగాల, మణికట్టు విరిచేది కాదు. ఇది పట్టుబడాలంటే సర్వీస్ లైన్ దగ్గర టవల్ వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుని సర్వ్ చెయ్యి. ఆ ఎత్తులో పైకి కొట్టకపోతే బాల్ నెట్ దాటదు, అదే నేర్పిస్తది. జనం చూసి నవ్వుతారు, నవ్వనీలే.

టాస్, అంటే సర్వ్‌కి ముందు బాల్ పైకి ఎగరేసేది, ఇంకో గోల. నీ బాల్ ఒకసారి తల మీదికి, ఒకసారి ముందుకి పోతా ఉంది. ముందు కాలికి ఎదురుగా అడుగు దూరంలో రాకెట్ కింద పెట్టి, టాస్ వేసి వదిలెయ్, బాల్ దాని మీద పడాల. మోచెయ్యి వంచకుండా భుజం నుంచి ఎత్తు. టాస్ బాగలేకపోతే కొట్టకుండా పట్టేసుకో, రూల్ ప్రకారం ఫాల్ట్ కాదు, అంటే తప్పు సర్వ్ కింద లెక్కెయ్యరు, మొహమాటపడబాక. జూన్‌లో మన నెల్లూరు పడమటి గాలికి మాత్రం ఎత్తు తగ్గించి వెయ్యి.

ఒక్కరోజే బుట్ట బుట్టంతా కొట్టి భుజం పాడు చేసుకోబాక. నొప్పి అనిపిస్తే ఆ పూట ఆపెయ్. ఈసారి వీడియో పక్క నుంచి కాదు, వెనక నుంచి తియ్యి, ఫోన్ కంచెకి తగిలించు, గ్రిప్ మారిందో లేదో నాకు కనపడాల.

మీ మామ