సమాధానం: మీటరు 1.3 చూపిస్తున్నా సిగ్నల్ వెళ్ళట్లేదంటే కేబుల్‌ని చూడండి

అంతర్వేది మిత్రులకు నమస్కారమండి. కొబ్బరిచెట్ల పైకి హ్యామ్ రేడియో యాంటెనా లేపి, అక్కణ్ణుంచి రేడియో దాకా 30 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్ దించారు. రేడియో దగ్గర మీటర్లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా పవర్‌ని ఎంత తిప్పికొడుతోందో చెప్పే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది) 1.3 ఉంది, అయినా 145 మెగాహెర్ట్జ్‌లో 25 వాట్లు పెడుతున్నా అమలాపురంలో వినపడట్లేదన్నారు.

ఆ 1.3ని నమ్మకండి. ఈ ఫ్రీక్వెన్సీలో ఆ సన్న కేబుల్ 100 మీటర్లకు దాదాపు 20 డెసిబెల్స్ తినేస్తుంది. మీ 30 మీటర్లకు 6 డెసిబెల్స్, పవర్‌లో నాలుగో వంతే మిగులుతుంది. అంటే కేబుల్ కొత్తదైనా పైకి చేరేది 6 వాట్లే. యాంటెనా తిప్పికొట్టిన పవరూ అదే దారిలో అరిగిపోతుంది కాబట్టి మీటరుకు కనపడదు. పైన అసలు ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటి ఉండొచ్చండి.

పై కనెక్టర్ కోసి, నల్ల తొడుగు జానెడు చీల్చి చూడండి. లోపలి సన్న తీగల అల్లిక మెరుస్తూ ఉండాలి. నల్లబడినా, పచ్చగా చిలుమెక్కినా ఉప్పుగాలీ వానా దిగినట్టే. వత్తి నూనె పీల్చినట్టు అల్లిక నీళ్ళను లోపలికి లాగేస్తుంది. రాజోలులో మా ఇంటి కేబుల్‌కి ఇలాగే అయితే చివర కోసి కొత్త కనెక్టర్ వేశాను. నెలకే మళ్ళీ మొదటికొచ్చింది. మొత్తం మార్చాల్సిందే.

ఆర్‌జీ-213 వేయండి. అదీ మీ రేడియోకి సరిపడే 50 ఓమ్‌ల కేబులే, కానీ మధ్య తీగ లావు, నష్టం 3 డెసిబెల్స్ లోపే. యాంటెనాకు 13 వాట్లు చేరతాయి. టీవీ కేబుల్ మాత్రం వద్దు, అది 75 ఓమ్‌లు.

కనెక్టర్ మీద తనకుతానే అతుక్కునే రబ్బరు టేపు, తాటాకు కప్పు నేసినట్టు కింద నుంచి పైకి చుట్టండి. కిటికీలోకి వచ్చే ముందు కేబుల్‌ని కాస్త కిందికి వేలాడేలా వంచితే నీరు అక్కడే కారిపోతుంది.