నీళ్లు నిలిపి చూడకుండా టైల్స్ వేయనీకు

అబ్బయ్యా,

నిన్న ఫోన్లో నువ్వు హడావుడిగా ఉన్నావు, నేను చెప్పింది సగం విన్నావో లేదో అని ఇదంతా రాస్తున్నా. మీ అమ్మ దొడ్లో బాత్‌రూమ్ మెట్టు మీద జారిందని తెలిసినప్పటి నుంచి నాకూ సరిగ్గా నిద్ర లేదు. పడకగది పక్కన సామాన్ల గదిని బాత్‌రూమ్‌గా మార్పిస్తానన్నావే, అది మంచి పనే. అయితే నువ్వు పంపిన ఫొటోల్లో టైల్స్ రంగులు, గాజు తలుపులు, నెత్తిన వానలా కురిసే షవరు ఉన్నాయి గానీ నీళ్లు ఎటు పోతాయో ఒక్కదాంట్లోనూ కనపడలేదు. ఈ పని నేను రెండుసార్లు చేయించా. మొదటిసారి మీ పెదనాన్నకు కాలు సరిగా లేనప్పుడు, రెండోసారి ఆ మొదటిది పగలగొట్టించి.

నువ్వు వెట్ రూమ్, వెట్ రూమ్ అంటుంటే ఏందబ్బా అది అనుకున్నా. మన బాత్‌రూములన్నీ నేలంతా తడిసేవే కదా. తేడా గుమ్మం దగ్గరే. మనం అక్కడ చిన్న కట్టో, రెండంగుళాల పల్లమో పెట్టి నీళ్లను ఆపుతాం. ఇందులో అదేం ఉండదు, గదిలో నేల ఎంత ఎత్తో బాత్‌రూమ్ గుమ్మంలోనూ అంతే, వాకర్ నెట్టుకుంటూ నేరుగా వెళ్లొచ్చు, రేపు చక్రాల కుర్చీ అయినా పోతుంది. కట్ట లేదు గనక నీళ్లను వాటమే నడిపించాలి, తడి కిందికీ గోడల్లోకీ దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ ఆపాలి. ఈ రెండూ సరిగ్గా లేకపోతే మిగతాదంతా అలంకారమే.

గడప సంగతి ముందే తేల్చుకో. ఆ గదికి పాత టేకు గడప ఉంది, దాన్ని తీయాలంటే మీ అమ్మ ఒప్పుకోదు. సింహద్వారం గడప కాదమ్మా, సామాన్ల గదిదే అని నెమ్మదిగా చెప్పు, నేనూ చెప్తా. ఆ తలుపు వెడల్పు రెండున్నర అడుగులు కూడా ఉన్నట్టు లేదు, ఎటూ గుమ్మం మార్చాల్సిందే, 3 అడుగులు పెట్టించు. తలుపు బయటికి తెరుచుకోవాలి. మనిషి లోపల పడితే లోపలికి తెరిచే తలుపు కదలదు, తలుపుకీ గోడకీ మధ్య మనిషే అడ్డం ఉంటుంది.

గోడల దగ్గరే జాస్తి రాస్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. అల్లూరులో మీ ఇల్లు, కావలిలో మా ఇల్లు ఒకే తరహా, 18 అంగుళాల గోడలు, లోపల మట్టి అడుసుతో కట్టిన ఇటుక, పైన సున్నం పూత. ఆ గోడ నీళ్లు తాగుతుంది. అపార్ట్‌మెంట్లు కట్టి అలవాటైన మేస్త్రీకి ఈ సంగతి తెలియదు. మాకు పని చేసినతను అడుగున ఒక వాటర్‌ప్రూఫ్ పూత రుద్ది, అది ఆరకముందే టైల్స్ అంటించాడు, ఇదేందయ్యా అంటే "ఏం కాదక్కా, వందిళ్లు చేశా" అన్నాడు. ఆరు నెలలు బాగానే ఉంది. తర్వాత హాల్లో, బాత్‌రూమ్ గోడకి అటువైపు, మా మామగారి ఫొటో వెనక తెల్లగా పొంగింది. చౌడు. వేలితో తాకితే పూత పిండిలా రాలింది, ఫొటో తీసి చూస్తే వెనక అట్ట మొత్తం బూజు. రంగు వేయించాం, మళ్లీ పొంగింది. చివరికి టైల్స్ పగలగొడితే నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్లు పైపులోకి పోయే జాలీ గుంట, దాని చుట్టూ ఉన్న ఇసుక చేత్తో పిండితే నీళ్లు కారేంత తడి.

అందుకని నువ్వు చేయించాల్సింది ఇది. తడిసే గోడలకు పాత పూతంతా ఇటుక కనపడేదాకా గీకించు, ఇటుకల సందుల్లో వదులు మట్టి అర అంగుళం లోతు దాకా తీయించు, చికెన్ మెష్ కొట్టి సిమెంటు పూత వేయించు. పైపుల కోసం పాత గోడకి గాడి కొట్టనీకు, అడుసు గోడ మెషిన్ అదురుకి కదిలిపోతుంది. దానికి బదులు కమోడ్, షవరు వచ్చే వైపు లోపల ఇంకో 4.5 అంగుళాల గోడ సిమెంటుతో కట్టించు. గది కొంచెం ఇరుకవుతుంది, అవనీ. పైపులన్నీ ఆ గోడలో పోతాయి, మీ అమ్మ పట్టుకుని లేచే స్టీలు పైపు కూడా దానికే బిగించొచ్చు. అడుసు గోడలో స్క్రూ కొట్టి పైపు పెడితే మనిషి బరువు పడిన రోజు పైపుతో సహా ఊడొస్తుంది, అంతకంటే అసలు లేకపోవడమే నయం. ఆ పైపు వచ్చే చోట ఒక వరుస ఇటుక బదులు కాంక్రీటు పోయమను. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో సరిపోతుంది, కానీ ముందు మీ అమ్మని నిలబెట్టి చెయ్యి ఎక్కడికి వస్తుందో చూసి గుర్తు పెట్టు. గోడకి బయటివైపు మాత్రం సున్నమే ఉంచు, ప్లాస్టిక్ పెయింటు వేస్తే లోపలున్న తడి బయటికి పోయే దారి కూడా ఉండదు.

నేల తవ్వినప్పుడు గచ్చు కింద వదులు ఇసుక, మట్టి ఉంటుంది. నీళ్లు కొట్టి దిమ్మిస చేయించు, లేకపోతే ఏడాదికి కుంగి పైపు జాయింటు విడిపోతుంది. ఒక అదృష్టం ఏందంటే మన పాతిళ్ల పునాదులు ఎత్తు, నేల నుంచి రెండు మూడు అడుగులు, అందువల్ల సెప్టిక్ ట్యాంకుకి పైపు వాటం బాగా దొరుకుతుంది. ఆ పైపు 4 అంగుళాలది వేయించు, మలుపులు తక్కువగా ఉండేట్టు చూడు. ఇదంతా అక్టోబరులోపు కాకపోతే సంక్రాంతి తర్వాత పెట్టుకో. మనకి వానలు ఈశాన్యానివి, నవంబరు తుఫానులో తవ్వుకుని కూర్చుంటే గుంటలో కప్పలు తేలతాయి.

వాటం విషయం. 3 అడుగులకి అర అంగుళం. గది 7 అడుగులు గనక గుమ్మం నుంచి ట్రాప్ దాకా అంగుళం పైచిలుకు దిగాలి, ట్రాప్ గుమ్మానికి దూరంగా షవరు మూలకి ఉండాలి. అంతకంటే ఎక్కువ వాటం పెడితే నిలబడిన మనిషికి ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది, ముసలివాళ్లకి అదీ ప్రమాదమే. మేస్త్రీ రసమట్టం పెట్టి చూపిస్తాడు, చూడు, కానీ నమ్మొద్దు. నేనైతే చెంబుతో నీళ్లు నాలుగు మూలలా పోసి, పీట వేసుకుని కూర్చుని చూశా. ఒక మూల అరచెయ్యంత మడుగు కదలకుండా ఉండిపోయింది. అక్కడికక్కడే చెక్కించా. టైల్స్ వేశాక అయితే ఎవరూ చెక్కరు.

తర్వాత వాటర్‌ప్రూఫింగ్. గోడా నేలా కలిసే మూలల్లో సిమెంటుతో గుండ్రంగా తీసి, అక్కడా ట్రాప్ చుట్టూ మెష్ పట్టీ అంటించి, ఒక పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా వేయాలి. నేలంతా, అన్ని గోడలకూ అడుగు ఎత్తు, షవరు దగ్గర 6 అడుగులు. పూర్తిగా ఆరాక ట్రాప్ నోరు గుడ్డతో, పాలిథిన్‌తో మూసి, గుమ్మంలో తాత్కాలికంగా ఇటుకలతో కట్ట పెట్టి, నీళ్లు నింపి గోడ మీద పెన్సిలుతో గీత గీయి. రెండు రోజులు అలా వదిలెయ్. మేస్త్రీకి కూలి నష్టం అంటాడు, ఆ రెండు రోజుల కూలీ నువ్వే ఇచ్చెయ్, నాకైన ఖర్చులో అది పదో వంతు కూడా కాదు. ఎండకి గీత కింద పలచగా తగ్గితే పర్లేదు. వేలెడు తగ్గిందంటే ఎక్కడో పోతోంది, వెతకాలి, మళ్లీ పూత, మళ్లీ నీళ్లు.

టైల్స్ గురించి నీకే ఎక్కువ తెలుసు. ఒకటే మాట, మెరిసేవి వద్దు. చీమకుర్తి గెలాక్సీ రాయి మన జిల్లాల గొప్పే, మీ మామయ్య మిగిలిన పలకలు ఉచితంగా ఇస్తానన్నాడనీ తెలుసు, పాలిష్ పెట్టిన ఆ రాయి మీద సబ్బు నీళ్లు పడితే నేనే నిలబడలేను. గరుకు టైల్స్, అడుగు సైజువి తీసుకో, పెద్దవైతే వాటానికి వంగవు. స్టూలు కొనకు, కాళ్లు జారతాయి. గోడకి ఆనించి 18 అంగుళాల ఎత్తున చిన్న అరుగు కట్టించు, పైన కొంచెం ముందుకి వాటం. హ్యాండ్ షవర్ ఆ అరుగు మీద కూర్చుంటే అందాలి. మీ బోరు నీళ్లు ఉప్పు గనక స్టీలు సామాను 304 రకమా కాదా అడిగి తీసుకో, మామూలుది ఏడాదికే తుప్పు పడుతుంది.

కరెంటు పనికి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఆ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో మీ నాన్నకే తెలియదు. గీజరు పెట్టేముందు ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది అదే. గీజరు స్విచ్చి బయటే.

మీ అమ్మకి ఈ లెక్కలేవీ చెప్పకు, ఎందుకంత ఖర్చు అని గొడవ పెట్టుకుంటుంది. నీళ్లు నింపే రోజు మాత్రం ముందు రోజే ఫోన్ చెయ్, పొద్దున్నే కావలిలో బస్సెక్కి వస్తా. ఆ రెండు రోజులూ ఆ నీళ్ల దగ్గరే ఉంటా, పెన్సిలు గీత నేనే గీస్తా. మేస్త్రీకి నేను వస్తున్నానని చెప్పకు.

పెద్దమ్మ