ముందు ఆ కల్చర్ రిపోర్టు అడగండి

మీ నాన్నగారికి ఆసుపత్రిలో చేరాక న్యుమోనియా వచ్చింది, ఏ యాంటీబయాటిక్కూ లొంగడం లేదు, వేరే ఆసుపత్రికి మార్చాలా అని అడిగారు. మార్చడం సంగతి తర్వాత. ముందు కఫం కల్చర్ రిపోర్టు, అంటే కఫంలో ఏ బ్యాక్టీరియా ఉందో, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చెప్పే కాగితం, అడిగి తీసుకోండి.

మాది ఒడిశాలోని రాయగడ. మా మావయ్యకి పక్షవాతం వస్తే విశాఖ తీసుకెళ్లి ఐసీయూలో చేర్చాం. వెంటిలేటర్ మీద కాస్త కుదుటపడ్డాడు అనుకునేలోపే మళ్లీ జ్వరం, కఫం లాగే సక్షన్ గొట్టంలో చిక్కటి పచ్చ కఫం. రిపోర్టులో అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా పేరు ఉంది. దాని కింద వరసగా మందుల పేర్లు, దాదాపు ప్రతి పేరు పక్కనా 'ఆర్', అంటే ఆ మందు పనిచేయదని. మెరోపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్‌కీ అదే. ఇక కొలిస్టిన్ ఒక్కటే మిగిలిందన్నారు డాక్టరుగారు. అది కిడ్నీల్ని దెబ్బతీస్తుందని రోజూ రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే అంకె, చూసేవారు. ఆ అంకె తెలుసుకోవడానికి అత్తయ్య తెల్లారకుండానే ఐసీయూ తలుపు దగ్గర నిలబడేది. మావయ్య బతికాడు. మనిషి మాత్రం సగమయ్యాడు.

ఆ బ్యాక్టీరియా మా ఇంట్లోంచి వెళ్లింది కాదు. మంచాల మీద, గొట్టాల మీద, చేతుల మీద బతికేది. చూడ్డానికొచ్చిన చుట్టాలు రైలు దిగి నేరుగా లోపలికి వచ్చేసేవారు. ఒకావిడ మా ఊరి అమ్మవారు మజ్జి గౌరమ్మ కుంకుమ మావయ్య నుదుట పెట్టి, అదే చేత్తో గొట్టం సర్దింది. గౌరమ్మకి నేనూ మొక్కుకున్నాను. కానీ శానిటైజర్ రాసుకోకుండా ఎవర్నీ, డాక్టరునైనా సరే, మంచం ముట్టుకోనివ్వకండి. తలవైపు ఎత్తుగా ఉంచారో లేదో, నోరు రోజూ శుభ్రం చేస్తున్నారో లేదో అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

నన్నడిగితే ఈ గండానికి సగం కారణం మందుల షాపులే. జలుబంటే చాలు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేస్తారు. ఇలా అవసరం లేకుండా మింగితే బ్యాక్టీరియా ఆ మందులకి లొంగడం మానేస్తుంది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని ముందునుంచే ఉంది, ఇలాంటివి అమ్మితే రిజిస్టరులో రాయాలని 2014 నుంచి రూల్ ఉంది. మా వీధిలో ఆ రిజిస్టరు నేనెప్పుడూ చూడలేదు. కోళ్లకి కూడా కొలిస్టిన్ పెట్టారు, 2019లో గానీ కేంద్రం ఆపలేదు! చావుబతుకుల్లో ఉన్న మనిషికి మిగిలే ఆఖరి మందును దాణాలో కలుపుతారా?

ఇక మార్చడం. వెంటిలేటర్ మీదున్న మనిషిని ఘాట్ రోడ్డులో తిప్పడం చిన్న విషయం కాదు, డాక్టరుగారు సరే అంటేనే కదలండి. మారిస్తే ఆ రిపోర్టు, ఇప్పటిదాకా ఇచ్చిన ఇంజెక్షన్ల పేర్లు వెంట తీసుకెళ్లండి. అక్కడ మళ్లీ కల్చర్ పెట్టి ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకూ ఏ మందు వెయ్యాలో వాళ్లకి ఆ కాగితమే చెప్పాలి.