తాతల నాటి ఇంటికి రెవెన్యూ రికార్డు లేదన్నారు, ఎప్పుడు కట్టారో తెలుసుకునేదెలా?

మీ ప్రశ్న ఇదీ: విశాఖ దగ్గర ఆనందపురం వైపు పల్లెలో ముత్తాత కట్టిన పెంకుటిల్లు ఉంది, ఏ ఏడు కట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు, తహశీల్దారు ఆఫీసులో ఆ ఇంటి మీద ఏ కాగితమూ లేదన్నారు, ఇంకెక్కడ వెతకాలి?

వాళ్లు చెప్పింది నిజమే. అడగాల్సిన చోటు అది కాదు. మీ ఇల్లు ఉన్నది గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన స్థలంలో. సర్వే లెక్కల్లో ఊళ్లో ఇళ్లన్నీ కలిపి ఒకటో రెండో నంబర్లు వేసి, పక్కన గ్రామకంఠం అని రాసి వదిలేశారు. పొలాల లెక్కలు రాసే అడంగల్లో గానీ 1బీలో గానీ ఏ ఇల్లు ఎవరిదో ఉండదు. పైగా ఆ వైపు ఊళ్లు ఎక్కువగా విజయనగరం జమీందారీ కిందివి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అక్కడ రైతువారీ పట్టాల (సర్కారు నేరుగా రైతు పేరున ఇచ్చే పట్టాల) లెక్క మొదలైంది. పొలం కాగితాలు తిరగేసి ఇంటి సంగతి తేలలేదని దిగులు పడితే ఏం లాభం?

ముందు వీధి గుమ్మం చూడండి. ద్వారబంధం పైకమ్మీ మీద, పూర్ణకుంభమో పద్మమో చెక్కిన పక్కన, చాలా ఇళ్లలో సంవత్సరం పేరు ఉంటుంది. ఏళ్ల తరబడి ఎనామిల్ రంగు మీద రంగు వేసి ఆ అక్షరాలు పూడ్చేస్తారు. పండక్కి గుమ్మానికి రంగు వేయడం మంచిదే గానీ, చెక్కిన అక్షరాల్లోకి కుంచె దూర్చకండి అని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. గరుకు కాగితం పెట్టి రుద్దకండి, అక్షరం అంచు పోతుంది. చీకటి పడ్డాక టార్చిలైటు కమ్మీకి ఒక పక్కగా, దాదాపు ఆనించి పట్టుకోండి. లోతుల్లో నీడ పడి గీతలు తేలతాయి. అప్పటికీ తేలకపోతే పొడి ముగ్గుపిండి వేలితో పల్చగా రాసి, పైపైన గుడ్డతో తుడవండి. నాలుగు కోణాల నుంచి ఫొటోలు తీసుకోండి.

ఇప్పుడు చదవడం. ఉదాహరణకి 'శ్రీముఖ మాఘ శు ౧౦ గు' అని ఉందనుకోండి. శ్రీముఖ నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, గురువారం. రంగు పూడితే ౧ కాస్తా ౦ లా కనిపిస్తుంది, జాగ్రత్త. అరవై సంవత్సరాల పేర్లలో మొదటిదైన ప్రభవ 1987లో వచ్చింది, శ్రీముఖ ఏడోది గనుక 1993. అక్కడి నుంచి అరవై అరవై వెనక్కి వెళ్తే 1933, 1873. తప్పు జరిగేది ఇక్కడే. ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది కాబట్టి మాఘ ఫాల్గుణాలు తర్వాతి ఇంగ్లీషు ఏడాదిలోకి పడతాయి. శ్రీముఖ మాఘం అంటే 1934 మొదట్లో, లేదా 1874లో. గృహప్రవేశాలు మాఘంలో ఎక్కువ, అందుకే ఈ ఒక ఏడాది తేడా ఇంటింటా కనిపిస్తుంది.

మరి 1874దా, 1934దా? చివర ఉన్న ఆ 'గు' తేలుస్తుంది. పాత పంచాంగంలో ఆ తిథి ఏ వారం పడిందో రెండు ఏళ్లకూ చూడండి, సాధారణంగా ఒక్కదానికే కుదురుతుంది. వారం చెక్కకపోతే కర్రను చూడాలి. దూలాలు, వాసాల మీద బాడిసతో (వడ్రంగి చేతి పనిముట్టుతో) చెక్కిన గంట్లు ఉంటే పాత పని అయ్యే అవకాశం ఎక్కువ. విల్లు వంపులో వరుసగా గీతలుంటే మిల్లు రంపం కోత. మేకు తల కింద నలుపలకలుగా ఉంటే కమ్మరి కొట్టినది, గుండ్రంగా ఉంటే ఫ్యాక్టరీది. గుమ్మంలో కుసి (బెజ్జంలోకి దూర్చే కర్ర కొస) లేకుండా ఖాళీ బెజ్జాలు కనిపిస్తే అది వేరే ఇంటి నుంచి తెచ్చి పెట్టిన గుమ్మం కావచ్చు. అలా అయితే దాని మీది తేదీ మీ ఇంటిది కాదు.

పెంకుల్ని నమ్ముకోకండి. బంగాళా పెంకు అడుగున కంపెనీ ముద్ర ఉన్నా అది కప్పు వయసే చెబుతుంది, గోడల వయసు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి లేచిపోయిన పెంకులు ఎన్ని ఇళ్లలో మార్చారో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పాతవి దొడ్లో పేర్చి ఉంటే అవి చూడండి.

ఉత్తరాంధ్రలో ప్రతి పెద్ద ఇంటికీ 'రంగం డబ్బుతో కట్టారు' అన్న మాట ఉంటుంది. రంగూన్ వెళ్లి సంపాదించినవాళ్లు ఉన్నారు, బర్మా టేకు వచ్చిన మాటా నిజమే. కానీ 1942లో జపాన్ దాడితో ఆ దారి మూసుకుపోయింది. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడితే జనం పల్లెలకు పరుగెత్తారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు కట్టిన ఇంటికి రంగం కథ అంత తేలిగ్గా అతకదు.

కాగితాల్లో మీకు పనికొచ్చేవి పక్కవాళ్లవి. మీ ముత్తాత ఇల్లు అమ్మనూ లేదు కొననూ లేదు, ఆయన పేరు మీద దస్తావేజు ఎందుకుంటుంది? పక్కింటివాళ్ల పాత క్రయపత్రంలో హద్దులు చూడండి. 'తూర్పు: ఫలానా వారి ఇల్లు' అని ఉంటే ఆ తేదీకి మీ ఇల్లు నిలిచి ఉన్నట్టే. 'ఫలానా వారి ఖాళీ స్థలం' అని ఉంటే అప్పటికి ఇంకా కట్టలేదు. ఈ రెండు మాటల మధ్య ఏళ్లలోనే మీ జవాబు ఉంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత సూచికల్లో, పేర్లకు ఒకటి, ఆస్తికి ఒకటి. ఇప్పటి ఆఫీసు కాదు, ఆనాడు మీ ఊరు ఏ ఆఫీసు కింద ఉందో అక్కడ అడగాలి. పంచాయతీ ఇంటిపన్ను డిమాండు రిజిస్టర్లు కూడా అడగండి. 2005లో విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిన 32 ఊళ్లలో ఏదైనా అయితే జోన్ ఆఫీసులో వాకబు చేయండి. కరణాల పదవులు 1984లో రద్దయినప్పుడు దస్త్రాలన్నీ సర్కారుకి చేరలేదు. పాత కరణం గారి ఇంట్లో మూట ఉందేమో మర్యాదగా అడగండి. అందులో ఫసలీ (జూలైలో మొదలయ్యే పాత రెవెన్యూ సంవత్సరం) అని ఉంటే ఆ అంకెకి 590 కలపండి, జనవరి నుంచి జూన్ లోపు తేదీకైతే 591.

ఇంట్లో పెద్దవాళ్లను 'ఎప్పుడు కట్టారు' అని అడగకండి, వందేళ్లు అనేస్తారు. కోడళ్లుగా వచ్చిన ముసలమ్మలను అడగండి, ఈ ఇంట్లో మొదటి పురుడు ఎవరికి పోశారని. ఆ బిడ్డ బతికుంటే వయసు, చదువుకుని ఉంటే బడి రిజిస్టరులో పుట్టిన తేదీ దొరుకుతాయి. బడి తేదీ జూలై 1 అయితే మాత్రం మాస్టారు వేసినదే, అటూ ఇటూ రెండేళ్లు చూసుకోండి.