బేస్‌మెంట్‌కు ఇంజినీరింగ్ ఇటుక తప్పనిసరా, బట్టీ ఇటుక సరిపోదా?

దేవరకొండలో ఇల్లు మొదలుపెడుతున్నామని, బేస్‌మెంట్ వరకు ఇంజినీరింగ్ ఇటుకే వాడాలని మీ అన్న పట్టుబడుతున్నాడని, మేస్త్రి మాత్రం అక్కర్లేదంటున్నాడని అడిగారు. ఇంజినీరింగ్ ఇటుక అంటే గట్టిగా, నీళ్లు చాలా తక్కువ పీల్చేలా కాల్చిన ఇటుక. ఆ పేరుతో ఇంగ్లండ్‌లో అమ్మే ఇటుక మన బట్టీల్లో దొరకదు కాబట్టి మేస్త్రి మాట సగం నిజం. కానీ ఆ ఇటుక చేసే పని మనకూ కావాలి, నేలలోంచి తేమ ఎక్కే చోట మరీ కావాలి.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. చుట్టూ వరి మళ్లే, కాలువకు నీళ్లు వదిలారంటే నేల ఆరదు. 2009లో నాయిన ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి "ఖంగుమంటున్నది, ఇంకేం గావాలె" అన్నాడు, మేమూ సరే అనుకున్నాం. మూడో వానాకాలానికి వంటింటి గోడకు కింది నుంచి రెండున్నర అడుగుల దాకా సౌడు పట్టింది. తెల్లటి ఉప్పు, తుడిస్తే పిండిలా రాలేది, ఆ తర్వాత పెచ్చులు ఊడటం మొదలైంది. అమ్మ బియ్యం డబ్బాలను గోడకు జానెడు దూరం జరిపి పెట్టుకునేది, ఇప్పటికీ అలాగే పెడుతుంది. రెండుసార్లు ప్లాస్టరింగ్ చెక్కించి మళ్లీ చేయించాం, రంగుల దుకాణంవాళ్లు చెప్పిన వాటర్‌ప్రూఫ్ రంగూ వేశాం. రెండోసారి సిమెంట్ మందంగా కొట్టించాక లోపలి తేమకు బయటికి దారి లేక ఇంకో అడుగు పైకి ఎక్కింది. లోపల ఇటుక నీళ్లు తాగుతుంటే పైన రంగు ఎంత వేసి ఏం లాభం?

అందుకే 2021లో చెల్లె ఇల్లు కట్టేటప్పుడు ఎవరి మాటా వినలేదు. రెండు బట్టీల నుంచి నాలుగేసి ఇటుకలు తెచ్చి, బాగా ఎండబెట్టి, ఎరువుల దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టాను. తర్వాత ఒక రోజంతా డ్రమ్ములో నానబెట్టి, తడిగుడ్డతో తుడిచి మళ్లీ తూకం వేశాను. మొదటి బట్టీది 2.9 కిలోల ఇటుక 3.6 అయింది, అంటే 24 శాతం నీళ్లు తాగింది. రెండో బట్టీది 3.1 నుంచి 3.5కే ఆగింది, 13 శాతం. చూడటానికి రెండూ ఎర్రగానే ఉన్నాయి, కొడితే రెండూ ఖంగుమన్నాయి. మామూలు ఇటుక 20 శాతం మించి నీళ్లు పీల్చకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 1077 చెప్తుంది. ఇంగ్లండ్ ఇంజినీరింగ్ ఇటుకలో 'A' క్లాస్‌కు 4.5 శాతం, 'B' క్లాస్‌కు 7 శాతమే హద్దు. మన దగ్గర ఎక్కువ బరువు మోసే గట్టి (హెవీ డ్యూటీ) ఇటుకకు ఐఎస్ 2180 అని వేరే ప్రమాణం ఉంది, దాని ప్రకారం 10 శాతం దాటకూడదు. మెషిన్ మీద చేసే వైర్‌కట్ ఇటుకల్లో గట్టివి దొరికితే బేస్‌మెంట్‌కు, సంపుకు అవి తీసుకోండి, పై గోడలకు 13 శాతం ఇటుక హాయిగా సరిపోతుంది. మేం అదే చేశాం, మధ్యలో ప్లింత్ బీమ్ (బేస్‌మెంట్ మీద, గోడల కింద వేసే కాంక్రీట్ దూలం) వేశాం. దామరచర్ల దగ్గర యాదాద్రి పవర్ ప్లాంట్ వచ్చాక మా వైపు అందరూ బూడిద ఇటుక అంటున్నారు, అది వద్దనను గానీ దాన్నీ కాంటా ఎక్కించాకే కొనండి.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. మన మేస్త్రీలకు ఏ ఇటుకైనా నానబెట్టడం అలవాటు. నీళ్లు పీల్చే బట్టీ ఇటుకకు అది కావాలి, లేకపోతే మాలులో తడినంతా లాగేస్తుంది. ఈ గట్టి ఇటుక నీళ్లు తాగదు కదా, తడిగా పెడితే మాలు మీద జారుతుంది. మా దగ్గర మొదటి రోజు కట్టిన నాలుగు వరుసలూ వంకర పోతే విప్పి మళ్లీ కట్టించాం, ఒక రోజు కూలీ పోయింది.

ఇంకో సంగతి. మాలు కలిపే నీళ్లు ఉప్పగా ఉంటే ఎంత మంచి ఇటుకకైనా తెల్ల మరకలు వస్తాయి. మన నల్గొండ బోర్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, మేం ఖర్చయినా ట్యాంకర్‌తో కాలువ నీళ్లు తెప్పించాం. ముందు ఎలివేషన్‌కు, గ్రానైట్‌కు లక్షలు పోస్తారు, ఇటుక దగ్గర రూపాయికి బేరమాడతారు, నాకు అదే బాధ.

బట్టీవాళ్లు శాంపిల్‌కు మంచివి ఏరి ఇస్తారు. లోడ్ వచ్చినప్పుడు పై వరుస బాగుంటుంది, అడుగున సగం కాలినవి ఉంటాయి. చెల్లె ఇంటికి వచ్చిన మూడో ట్రాక్టర్ అలాంటిదే, సగం దించాక చూసి వెనక్కి పంపాం, డ్రైవర్‌తో గంటసేపు గొడవ. మీరు దించకముందే అడుగు నుంచి రెండు తీయించి, విరగ్గొట్టి చూడండి. లోపల పచ్చిమట్టి రంగు కనపడితే ఆ బండిని అటునుంచి అటే పంపించేయండి.