ఫెర్రెట్‌కి పెరుగన్నం పెట్టవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చెన్నై, పెరంబూరు. ప్లస్ టూ చదివే మా అబ్బాయి ఫెర్రెట్ కోసం అడ్వాన్స్ ఇచ్చి వచ్చాడు. ఫొటోలో అచ్చం ముంగిసలా ఉంది. ఆ పేరుకు దొంగ అని అర్థమట కదా? మేం శాకాహారులం. పాలు, పెరుగన్నం పెడితే చాలా? – ఒక గృహిణి

జవాబు: అది ముంగిస కాదమ్మా. ముంగిస మన అడవి జంతువు, దాన్ని ఇంట్లో పెంచడం నేరం. ఫెర్రెట్ యూరప్‌లోని పోల్‌క్యాట్ అనే చిన్న అడవి జంతువు నుంచి మచ్చికైనది. రెండు వేల ఏళ్లుగా మనుషుల దగ్గరే ఉంది. కుందేళ్ల బొరియల్లోకి వదిలితే దూరిపోయి వాటిని బయటికి తరిమేది. పేరు లాటిన్‌లో ‘చిన్న దొంగ’ అనే మాట నుంచే వచ్చింది. తాళాలు, సాక్సులు పట్టుకుపోయి సోఫా కింద దాస్తుంది. దాచడంతో ఆగితే బాధ లేదు, రబ్బరు దొరికితే కొరికి మింగుతుంది. హవాయి చెప్పు ముక్క పేగుకు అడ్డం పడితే ఆపరేషన్ చేయాల్సిందే.

పెరుగన్నం వద్దు. అది పూర్తిగా మాంసాహారి. తిన్నది మూడు, నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది, అన్నం అరిగించుకునే పేగు కాదది. రోజుకు చాలాసార్లు మాంసాహారం పెట్టాలి. మీ వంటింట్లో అది కుదురుతుందా?

నా అసలు టెన్షన్ మన ఎండ. ఫెర్రెట్‌కి చెమట పట్టదు కాబట్టి ఫ్యాన్ గాలితో చల్లబడదు. 30 డిగ్రీలు దాటితే దానికి ప్రాణగండం, మనకేమో మే నెలలో రాత్రిళ్లు కూడా అంత వేడి ఉంటుంది. ఒకసారి మధ్యాహ్నం కరెంటు పోయిన ఇంటి నుంచి తడి తువ్వాలులో చుట్టి ఒకదాన్ని తెచ్చారు. నోరు తెరిచి ఎగరొప్పుతోంది, చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి. సెలైన్ ఎక్కించినా దక్కలేదు.

ఆడదైతే ఇంకో సంగతి. ఎదకొచ్చాక జత కట్టకపోతే ఎద ఆగదు. ఎదలో ఊరే హార్మోన్ వల్ల ఎముకల మూలుగ దెబ్బతిని, రక్తం తగ్గి చనిపోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పదు. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు దీనికి సోకితే బతకడం కష్టం. వీధికుక్కలున్న చోట ఆ వైరస్ మన చెప్పులతోనే ఇంట్లోకి రావచ్చు.

పగలూ రాత్రీ ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్, రోజూ మాంసం, ఫెర్రెట్లను చూసిన డాక్టరు. ఈ నాలుగూ లేకపోతే అడ్వాన్స్ పోయినా సరే, వద్దనండి. ఈ జవాబు అబ్బాయి చేతే చదివించండి.